మా అన్న విప్లవం, అమ్మగారి ఊరు

మా అన్నకు ఫ్రాన్సు దేశమంటే పిచ్చి. ఆ దేశం యాడుండాదో మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. కడపలో హైస్కూలు చదువు ముగించి, ఉద్యోగం దొరక్క, తిరిగొచ్చి మా నాయన పక్కనే రెండో మగ్గం గుంటలో కూర్చున్నవాడు ఆయన. తెగిన పోగులు అతుకుతా, పారిస్ పట్నంలో జనం జైలు కోటను ఎట్లా పగలగొట్టిందీ, రాజును జనం మధ్యలోంచి తీసుకుపోయి ఎట్లా తల తీసిందీ చెప్పేవాడు. నిన్న సంతలో చూసొచ్చినట్లు చెప్పేవాడు.

నాయన అన్నీ వినేవాడు. ఒకసారి అడిగినాడు: "రాజు తల తీసినాక ఎవరు రాజైనారప్పా?"

"జనమే రాజులైనారు నాయనా."

"అందరూనా?"

అన్న ఒక పోగు ముడేసి, "అందరూ," అన్నాడు.

నాయన నాడెలో నూలు కండె మార్చుకుంటా, "అట్లయితే మగ్గం ఎవరు నేసినారు?" అన్నాడు.

మా అమ్మ, నేను నవ్వినాం. అన్న నవ్వలేదు. ఆయనకు ఆ కథ నవ్వేది కాదు. మన దేశానికీ అట్లాంటి రోజు వస్తుందని నమ్మి బతుకుతాండిన మనిషి.

నాకు పదిహేనేండ్లకే పెనిమిటి కలరాతో పోయినాడు. అత్తగారింటి వాళ్ళు నన్ను బండెక్కించి పుట్టింటికి పంపినారు. నాయన మగ్గానికి నూలు ఆసులు పోసుకుంటా, ఎవరికీ ఎదురు పడకుండా ఇంట్లోనే ఉండేదాన్ని. మా ఊరి చివర కన్యస్త్రీలు నడిపే మిషను ఆసుపత్రి ఉండేది. అక్కడ పనికి ఆడమనిషి కావాలంటే, నన్ను పంపమని పట్టుబట్టింది మా అన్నే. కులపెద్దలు ఇంటికొచ్చి, "గాయాలు కడిగే పనికి పంపుతావా? రేపు మతంలో కలుపుకుంటారు," అన్నారు. "గాయం కడిగితే మతం పోతాదా? పోయేదైతే పోనీలే," అని అన్న వాళ్ళ మొహం మీదనే అన్నాడు. ఆయన గురించి ఏం చెప్పినా ముందు ఈ మాట చెప్పాలి. నేను నాలుగు గోడలు దాటింది ఆయన వల్లే.

ఆసుపత్రిలో పెద్దామె ఒక ఫ్రెంచి అమ్మగారు. అప్పటికే డెబ్బై దగ్గర పడింది. పొడుగు మనిషి, నడుం కొంచెం వంగింది, చేతులు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. తెలుగు మా ఊరి రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చం మా మాదిరే మాట్లాడేది. కలెక్టరు దొర వచ్చినా "ఏమప్పా" అనే పిలిచేది. నేను చేరిన కొత్తలో ఒకరోజు నా కోక అంచు వేళ్ళతో తడిమి చూసి, "ఎవరు నేసినారు?" అని అడిగింది.

"మా నాయన."

"మా నాయనా నేసేవాడు."

నేను నమ్మలేదు. తెల్లోళ్ళలో నేతోళ్ళుంటారా? అదే అడిగితే ఆమె పకపకా నవ్వింది. వాళ్ళ సీమలో ఇండ్ల కింద నేలమాళిగల్లో మగ్గాలుంటాయంట. నార నూలు ఆరిపోతే తెగుతుంది కాబట్టి చెమ్మ కోసం నేల కిందనే కూర్చుని నేస్తారంట. మేమూ ఎండాకాలం గుంట చుట్టూ నీళ్ళు చల్లుకుని నేసేవాళ్ళమే కదా. ఆ రోజు నుంచి ఆమెంటే నాకు భయం పోయింది.

తర్వాత కొన్నేండ్లకు యూరపులో యుద్ధం మొదలైంది. జర్మనీ వాళ్ళు పారిస్‌లో దిగినారని కబురు వచ్చిన రోజు అమ్మగారు, కట్లకని ఉడికించిన గుడ్డలన్నీ తీసి మళ్ళీ మడతలు పెట్టుకుంటా కూర్చుంది. ఆ వారంలోనే అమ్మకు జ్వరమొస్తే మందు కోసం మా అన్న ఆసుపత్రికి వచ్చినాడు. ఆమెను అంత దగ్గరగా చూడడం ఆయనకు అదే మొదలు. గుడికొచ్చిన భక్తుడి మాదిరి చేతులు కట్టుకుని నిలబడినాడు.

"బాధపడొద్దమ్మా," అన్నాడు. "మీ జనం రాజునే దించినవాళ్ళు. ఈ జర్మనీ వాడొక లెక్కా? లోకానికి దారి చూపిందే మీ వాళ్ళు."

అమ్మగారు ఆయన్ను కాసేపు చూసింది. "కూర్చోప్పా," అంది. వరండాలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడినాను.

"మాది పారిస్ కాదు. పడమటి దిక్కున వాండే సీమ పక్క," అని మొదలుపెట్టింది. విప్లవం వచ్చిన కొత్తలో వాళ్ళ ఊరు సంతోషపడిందంట. పన్నులు తగ్గుతాయని కాబోలు, చర్చి గంటలు కూడా కొట్టినారంట. తర్వాత, కొత్త సర్కారుకు ప్రమాణం చేయలేదని ఊరి చర్చి గురువును తరిమేసినారు. ఆ తర్వాత పెండ్లి కాని మొగపిల్లోళ్ళకు చీటీలు తీసి యుద్ధానికి రమ్మన్నారు. దాంతో రైతులు, నేతోళ్ళు కొడవండ్లు పట్టుకుని లేచినారు.

"అయితే మీ వాళ్ళు విప్లవానికి ఎదురు తిరిగినారా?" అన్న గొంతులో నమ్మలేనితనం.

"తిరిగినారు. ముందు మావాళ్ళే చంపినారు. పట్టణంలో సర్కారు పక్షం వాళ్ళను తాళ్ళతో వరసగా కట్టి, గుంటల ముందర నిలబెట్టి చంపినారు. మా ఊర్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. నేను చెప్తాండా."

ఆ పైన సర్కారు సైన్యం వచ్చింది. మరుసటి చలికాలం సిపాయిలు వరసలు కట్టుకుని ఒక్కో ఊరూ తగలబెట్టుకుంటా నడిచినారు. ఆమె అవ్వకు తల్లి అప్పటికి ఆరేండ్ల పిల్ల. తల్లి ఆ పిల్లను నేలమాళిగలో మగ్గం కింద దాచి, పైన తొట్టెలో ఉన్న పసిబిడ్డను తెచ్చుకుంటానని మెట్లెక్కింది. మళ్ళీ దిగలేదు. పొగకు తట్టుకోలేక పిల్ల పాక్కుంటా బయటికొచ్చి చూస్తే ఊర్లో ఒక్క ఇంటికీ కప్పు లేదు. వీధిలో ఒక సిపాయి ఎదురు పడినాడు. చేతిలో బాకు ఉంది. పిల్లను చూసినాడు, మొహం పక్కకు తిప్పుకుని పోయినాడు.

"వాడూ యాడో రైతు బిడ్డే అయ్యుంటాడు," అంది అమ్మగారు. "వాడు మొహం తిప్పుకోబట్టి నేను ఈడ ఉండా."

అన్న చేతిలోని మందు సీసా బల్ల మీద పెట్టినాడు. తర్వాత, "అది రాజు పక్షం వాళ్ళు చెప్పుకునే కథమ్మా," అన్నాడు.

"ఆరేండ్ల పిల్లది ఏ పక్షమప్పా?"

"ఇండ్లు కాలకుండా పెద్ద పని జరగదు."

"ఎవరి ఇండ్లు?"

అన్న లేచినాడు. మొహం ఎర్రబడింది. మందు సీసా బల్ల మీదనే మరిచిపోయి వెళ్ళిపోయినాడు. సాయంత్రం నేనే తీసుకుపోయినాను. ఇంట్లో ఆయన నాతో, "ఆమె మంచిదే, కాదనను. కానీ కండ్లు ఒక ఊరిమీదనే ఉండాయి. చరిత్రను అట్లా చూడకూడదు," అన్నాడు. ఎట్లా చూడాలో నాకు తెలియలేదు.

రెండేండ్లకు, తెల్లదొరలను దేశం విడిచి పొమ్మన్నందుకు పెద్ద నాయకులందర్నీ ఒక్కసారే జైల్లో పెట్టినారని కబురొచ్చింది. ఊర్లు ఉడికిపోయినాయి. అన్న మగ్గం మీద కూర్చునేది మానేసినాడు. ఇద్దరు నేత కుర్రోళ్ళతో కలిసి తిరుగుతా, పిలిస్తే పలికేవాడు కాదు. ఒకరోజు పొద్దు గూకే వేళకు రైలు స్టేషను దిక్కున పొగ లేచింది. తంతి తీగలు తెంపి, గూడ్సు కొట్టానికి కిరసనాయిలు పోసి అంటించినారని జనం చెప్పుకుంటాండారు. వీధిలో కొందరు జై కొట్టినారు. నేనూ అరుగెక్కి చూసినాను. అబద్ధమెందుకు, ఆ క్షణం నా గుండె కూడా పొంగింది.

ఆ కొట్టంలో గోతాల వెనక ఒక మనిషి పడుకోనుండాడని అప్పుడు ఎవరికీ తెలియదు. రైలు పట్టాల మీద గ్యాంగులో పనిచేసే సాయిబు. చలిజ్వరమొచ్చి, ఇంటిదాకా నడవలేక అక్కడే ఒరిగినాడంట. ఆ రాత్రి ఆయన్ను ఎద్దుల బండిలో తెచ్చినప్పుడు నేను ఆసుపత్రిలో పనిలో ఉండాను. మొహం, రెండు చేతులు కాలినాయి. కాలిన గుడ్డ చర్మానికి అంటుకుపోయి రావడం లేదు. అమ్మగారు, నేను ఉప్పునీళ్ళతో తడిపి తడిపి తీసినాం. ఆయన అరిచే ఓపిక కూడా లేక "అల్లా, అల్లా" అని గొణుగుతాండాడు.

ఇంటికి పోతే అన్న లేడు. అమ్మ నా మొహం చూసి ఏడుపు ఎత్తుకుంది. మరునాడు అమ్మగారు, "మీ అన్న యాడుండాడు?" అని అడిగింది.

"తెలీదమ్మగారూ."

ఆమె మళ్ళీ అడగలేదు. పోలీసులు మాత్రం అడిగినారు. ఇల్లంతా తిరగేసి, ఏమీ దొరక్క, పోతా పోతా మగ్గం మీది పడుగు పోగులను కత్తితో కోసి పోయినారు. నాయన ఆ గుంట అంచున సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఒక్కో పోగూ చేత్తో ఎత్తి చూసుకుంటాండాడు.

అన్న బేతంచెర్ల పక్క నాపరాళ్ళ గనుల్లో కూలోళ్ళలో కలిసిపోయినాడని తర్వాత తెలిసింది. చీరలు అమ్ముకోను ఆ దిక్కుకు పోయిన మా వీధి మనిషొకడు ఆయన్ను గుర్తుపట్టి, సాయిబు సంగతి చెప్పినాడు. అంతవరకూ అన్నకు తెలియదు. కొట్టంలో గోతాలే కాలినాయనుకున్నాడు.

ఒక మిట్టమధ్యాహ్నం, రాతి దుమ్ము పట్టిన బట్టలతోనే అన్న ఆసుపత్రి గుమ్మంలో నిలబడినాడు. నేను, అమ్మగారు సాయిబుకు కట్టు మారుస్తాండాం. అమ్మగారు తలెత్తి చూసింది, ఆశ్చర్యపోలేదు. "వచ్చినావా? చేతులు కడుక్కో. ఈ చెయ్యి పట్టుకో," అంది.

అన్న పట్టుకున్నాడు. కట్టు విప్పేటప్పుడు సాయిబు నొప్పికి మోచేత్తో అన్న చేతిని గట్టిగా అదిమేవాడు. కండ్లకు గుడ్డ కట్టి ఉండడంతో పట్టుకున్నది ఎవరో తెలీదు. ఆ పూటా, మరుసటి రోజూ అన్న ఆయన పక్కనే కూర్చుని వేపరొట్టతో ఈగలు తోలినాడు, చెంచాతో గంజి పోసినాడు. సాయిబు ఆసుపత్రి మనిషే అనుకున్నాడు.

"నీ చెయ్యి తగిలితే నొప్పి తెలీదప్పా," అన్నాడు ఒకసారి. "ఎవరి బిడ్డవు నువ్వు?"

అన్న నా దిక్కు చూసినాడు. నేను వద్దని తల ఊపినాను. అప్పుడే చెప్పొద్దు, కొంచెం కోలుకోనీ అని నా ఉద్దేశం. ఆయన వినలేదు.

"కొట్టానికి నిప్పు పెట్టినోణ్ణి నేనే. లోపల మనిషుండాడని తెలీదు."

సాయిబు చెయ్యి వెనక్కు లాక్కున్నాడు. గోడ పక్కకు మొహం తిప్పుకున్నాడు. అన్న ఇంకాసేపు కూర్చుని, లేచి, అమ్మగారికి దండం పెట్టి, నడుచుకుంటా పోలీసు స్టేషనుకు పోయినాడు. తోటివాళ్ళ పేర్లు ఎంత కొట్టినా చెప్పలేదంట.

అన్న బళ్ళారి జైల్లో ఉండగా సాయిబు బతికి బయటపడినాడు. ఒక కన్ను పోయింది. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి పార పట్టుకోను చేతకాలేదు, రైల్వే పని పోయింది. ఆయన భార్య స్టేషను బయట ఉడికించిన సెనక్కాయలు అమ్ముకునేది. నేను ఆ దారిన పోయినప్పుడు కొంటే ఇచ్చేది, నా మొహం మాత్రం చూసేది కాదు.

అన్న సన్నబడి, దగ్గుతో తిరిగొచ్చినాడు. మొదట అమ్మగారి దగ్గరికి పోయినాడు. జైల్లో చదువుకున్నవాళ్ళు చరిత్ర పాఠాలు పెట్టుకున్నారంట. ఫ్రాన్సు వంతు ఈయనకు వచ్చింది.

"కోట పగలగొట్టింది చెప్పినా, రాజు సంగతి చెప్పినా, చప్పట్లు కొట్టినారు. మీ అవ్వ తల్లి సంగతి చెప్పగానే ఇద్దరు లేచి పోయినారు. తెల్లోళ్ళ సర్కారు మనిషివైనావా అన్నారు."

అమ్మగారు నవ్వింది. "మా ఊర్లో తాళ్ళతో కట్టి చంపిన ముక్క చెప్తే, ఆడా లేచి పోతారప్పా."

"అయితే ఏది చెప్పాల?"

"రెండూ చెప్పాల. లేచిపోయేవాళ్ళు పోతారు."

"ఇప్పుడు కూడా విప్లవం తప్పని నేననను," అన్నాడు అన్న.

"నేనూ అననులే. ఆకలిగొన్నోళ్ళు లేస్తారు, లేవాల కూడా. నేను అడిగేది, నిప్పు పెట్టే ముందు తలుపు తీసి చూసినావా అని."

ఆ మాటకు అన్న తల వంచుకున్నాడు. ఆమె ఆయన భుజం మీద చెయ్యేసింది. కొన్నాళ్ళకు పైవాళ్ళ ఆజ్ఞ వచ్చి అమ్మగారు పాండిచ్చేరికి వెళ్ళిపోయింది. ఆ వయసులో మళ్ళీ మా దిక్కుకు రాలేదు.

సాయిబు ఇంటికి అన్న ఒక్కడే పోయినాడు. వాకిట్లో నులకమంచం మీద కూర్చోనుండిన సాయిబు లోపలికి పిలవలేదు, పొమ్మనలేదు. అన్న చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాడు. అంతా విని ఆయన, "నీకు మాఫీ కావాల. నాకు నా చేతులు కావాల. ఇద్దరికీ దొరకవు. పో నాయనా," అన్నాడంట. ఆయన కోపంగా అనుంటే బాగుండేదని అన్న నాతో అన్నాడు.

స్వతంత్రం వచ్చిన రోజు ఊర్లో తోరణాలు కట్టినారు. జైలుకు పోయొచ్చినవాడని అన్నకు దండవేసి బడికి తీసుకుపోయినారు. పిల్లోళ్ళకు రెండు మాటలు చెప్పమన్నారు. నేనూ ఆడోళ్ళ పక్క నిలబడినాను. అన్న ముందు తీగలు ఎట్లా తెంపిందీ చెప్పినాడు. పిల్లోళ్ళు కేకలేసినారు. ఆ తర్వాత, "కొట్టంలో ఒక మనిషి ఉన్నాడు," అని మొదలుపెట్టినాడు. ఆయన కాలిన చేతుల దాకా వచ్చేసరికి పెద్ద అయ్యవారు లేచి గంట కొట్టించి, మిఠాయి పంచమన్నాడు. పిల్లోళ్ళు తోసుకుంటా వరండాలోకి పరిగెత్తినారు.

దారిలో మా వీధి పెద్దమనిషొకడు అన్నను నిలబెట్టి, "ఈ శుభదినాన ఆ మాట దేనికప్పా? అందరి నోరూ చేదు చేసినావు," అన్నాడు. ఆ పైన ఏ పండుగకూ ఆయన్ను మాట్లాడమని ఎవరూ పిలవలేదు. ఇంటికొచ్చినాక సంగటి పెడితే ముద్ద కలిపి చానాసేపు అట్లనే కూర్చున్నాడు. నాయన దగ్గరికొచ్చి ఆయన వీపు నిమిరి, "తినప్పా, చల్లారిపోతాది," అన్నాడు.