ఊరికే అడిగే పెట్టె

ఆఫీసులో ఆమెను అందరూ చాదస్తం అనేవారు. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసుకునే రకం. అలాంటి మనిషి పశువుల ఆసుపత్రికి ప్రోగ్రాం రాస్తే ఎలా ఉంటుంది? అలాగే ఉంది. కుక్కదో ఆవుదో రికార్డు తెరిచి ఊరికే చూసి మూసినా, తెర మీద ఒక పెట్టె లేచి "మార్పులు సేవ్ చేయమంటారా?" అని అడిగేది. ఒక అక్షరం కొట్టి చెరిపినా అడిగేది. కీబోర్డు మీద పిల్లి నడిచినా అడిగేది. అక్కడ పిల్లులకు కొదవ లేదు.

ఆసుపత్రివాళ్ళు ఆ పెట్టెకు అత్తగారని పేరు పెట్టారు. పెట్టింది కౌంటరులో కూర్చునే అమ్మాయి. ఆమె స్వయానా చాదస్తం ఆడపడుచు. "మా వదిన రాసింది" అని గొప్పలు చెప్పి ఆ ప్రోగ్రాం కొనిపించిందీ ఆమే. ఇంతకీ ఆ పేరు ఎవరి అత్తగారిదన్నది మాత్రం వదినామరదళ్ళు ఎన్నడూ తేల్చలేదు.

ఒక మధ్యాహ్నం రిటైరైన జడ్జిగారొకరు తమ కుక్కను తెచ్చారు. ఫలానా ఇంజెక్షన్ దానికి పడదని తేలింది. డాక్టరు ఆ ముక్క రికార్డులో కొట్టి, ఈనలేక అవస్థపడుతున్న ఆవు దగ్గరికి పరుగెత్తాడు. ఆడపడుచు వచ్చి తెర మూయబోయింది. పెట్టె అడిగింది. రోజంతా సతాయించే నోటికి జవాబిచ్చినట్టే, చూడకుండా "వద్దు" నొక్కేసింది.

మరుసటి నెల డాక్టరు సెలవులో ఉంటే, ఆయన బదులు వచ్చినాయన రికార్డు చూసుకుని మరీ అదే ఇంజెక్షన్ పొడిచాడు. కుక్క మూతి గుమ్మడికాయంత అయింది. బతికి బట్టకట్టింది గానీ, జడ్జిగారు కోర్టులో వదిలేసి వచ్చిన గొంతును మళ్ళీ తెచ్చుకున్నారు. డాక్టరు రాశానన్నాడు. రికార్డు రాయలేదంది. మధ్యలో కౌంటరు ఉద్యోగం ఊగిసలాడింది.

ఆడపడుచు ఏడుస్తూ పుట్టింటికొచ్చింది. చాదస్తం మెట్టు దిగలేదు. ప్రోగ్రాం అడిగింది కదా, చదవకుండా నొక్కిందెవరంది.

"పొద్దున్నించీ అది అడుగుతూనే ఉంటుంది వదినా. నువ్వయితే చదువుతావా?"

అత్తగారు, అంటే అసలు అత్తగారు, కూతురి పక్షాన చేరింది. "అదేపనిగా అడిగితే ఎవరి చెవులు పనిచేస్తాయే? నేనడిగినప్పుడు నీకు పనిచేస్తున్నాయా?"

మర్నాడు కోడలు వెళ్ళి కౌంటరులో తనే కూర్చుంది. పూట గడవకముందే తన వేలు కూడా చూడకుండా "వద్దు" నొక్కుతోందని గమనించి, సిగ్గుపడి, తిరిగొచ్చింది.

ఆఫీసులో యజమాని, పెట్టెలో అక్షరాలు పెద్దవి చేసి ఎర్రరంగు పూయమని సలహా ఇచ్చాడు. సణిగేవాళ్ళను గట్టిగా అరవమన్నట్టుందనుకుని ఆమె ఆ సలహాను గాలికొదిలేసింది. రికార్డు తెరవగానే దాని నకలొకటి పక్కన పెట్టించింది. మూసేటప్పుడు రెంటినీ పోల్చి, తేడా ఉంటేనే అడగాలి. ఏ గడిలో ఏం మారిందో చెప్పి మరీ అడగాలి.

మొదటిసారి నడిపి చూస్తే మళ్ళీ ప్రతి రికార్డుకూ అడిగింది. తవ్వి చూస్తే, తెరిచినప్పుడల్లా ప్రోగ్రామే జంతువు వయసు లెక్కగట్టి గడిలో రాస్తోంది. ఎవరూ ముట్టకపోయినా ఆవు పెద్దదవుతోంది గనుక అది మార్పేనట! వయసును పోలికలోంచి తీసేసింది. తర్వాత ఖాళీ గడుల పేచీ వచ్చింది. ఎన్నడూ నింపని గడి, నింపి చెరిపిన గడి కంటికి ఒకటే, డేటాబేసుకు వేరువేరు. యజమాని శూన్యం గురించి వేదాంతం ఎత్తుకునేలోపే, రెండూ ఒకటేనని రాసి పారేసింది.

కొత్త ప్రోగ్రాం పెట్టిన రోజే ఫోనొచ్చింది.

"వదినా, ఇది చచ్చిపోయినట్టుంది. ఏమీ అడగట్లేదు."

"నువ్వేం మార్చలేదు, అందుకని అడగలేదు."

"అడక్కపోతే నాకు భయంగా ఉంది."

కొన్నాళ్ళకు చూస్తే సగం పశువుల రికార్డుల చివర చుక్కలే చుక్కలు. పెట్టె చేత అడిగించుకోవడానికి ఆడపడుచు తెరిచినప్పుడల్లా ఒక చుక్క పెట్టి, సేవ్ చేసి, నిశ్చింతగా మూస్తోంది. చాదస్తం తల పట్టుకుని, తెర అడుగున "ఏమీ మారలేదు, మూయొచ్చు" అని చిన్న వాక్యం వచ్చేలా చేసింది. చుక్కలు ఆగాయి. డాక్టరు తప్పు సగం తన నెత్తినేసుకోవడంతో కౌంటరు ఉద్యోగమూ నిలిచింది.

ఒకనాడు డాక్టరు ఒక కుందేలును తూచి, రికార్డులో బరువు కొట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆడపడుచు మూయబోతే పెట్టె లేచింది. ఆమె గొంతెత్తి చదివింది. బరువు, రెండు కిలోల నుంచి ఇరవైకి.

"డాక్టరుగారూ, ఇది కుందేలా, దూడా?"

డాక్టరు తడిచేతులతోనే వచ్చి సున్నా చెరిపాడు. బరువు మళ్ళీ పాతదే అయింది. ఆమె తెర మూసింది. పెట్టె నోరెత్తలేదు.