తలంటు పోసి తెచ్చిన పేషెంటు

మత్తు డాక్టరంటే మా జిల్లాలో ఎవరికీ లెక్కలేదు. ఆపరేషన్ బాగా జరిగితే సర్జన్ గారి హస్తవాసి. ఏదన్నా తేడా వస్తే మత్తు ఎక్కువైంది. తల నెరిసేదాకా ఇదే మాట వింటూ వచ్చాను. పేషెంటుకు నా ముఖం గుర్తుండదు, దానికి నేనేమీ బాధపడను. గుర్తు లేకుండా చేయడమే కదా నా పని. నా కడుపుమంట వేరే. మనిషిని టేబుల్ మీద పడుకోబెట్టి, చేతికి సెలైన్ ఎక్కించి, అప్పుడు ఫోన్ చేస్తారు నాకు, "మేడం, ఎక్కడున్నారు, అర్జెంటుగా రండి" అని. వాడెవడు, ఏం పని చేస్తాడు, నిన్నా మొన్నా ఎక్కడ తిరిగాడు, ఇవేవీ అడిగే వ్యవధి ఇవ్వరు. అడిగితే ఫైల్లో అన్నీ ఉన్నాయంటారు. ఫైల్లో ఉండేది బీపీ, షుగరు, రక్తం గ్రూపు.

ఆ రోజు ముత్తుకూరు వైపు ఒక సిజేరియన్ ముగించుకుని, కారులోనే ఇడ్లీ తింటుంటే ఫోన్ వచ్చింది. నెల్లూరుకు దక్షిణంగా, హైవే పక్కన ఒక చిన్న ఆస్పత్రి. ఊరి పేరు చెప్పను. సర్జన్ గారే దానికి ఓనరు. చేయి మంచిదే, కాదనను. నోరే మంచిది కాదు. "పేగు మెలిపడింది మేడం, కడుపు రాయిలా ఉంది. ఆలస్యమైతే పేగు కుళ్లిపోతుంది" అన్నాడు. అది నిజమే గనక ఇడ్లీ పొట్లం అలాగే చుట్టేసి బయల్దేరాను.

టేబుల్ మీద ఉన్నది వాకాడు వైపు రైతు. నలభై దాటి ఉంటాయి. బక్క మనిషి, ఎండకు కమిలిన ఒళ్లు. ఆ ఒంటినిండా చెమట. దగ్గరికి వంగితే గుప్పున కుంకుడుకాయ వాసన! జుట్టు ఇంకా తడి ఆరలేదు. పేగు మెలిపడి గిలగిల్లాడుతున్న మనిషికి తలంటు పోయడమేమిటి? నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

"ఏమయ్యా, ఇంత నొప్పిలో తలంటు పోసుకున్నావా?"

"మా ఆడోళ్ళు పోసినారమ్మా" అన్నాడు కళ్లు మూసుకునే.

ఇంతకుముందు ఆపరేషన్లేమన్నా అయ్యాయా, రోజూ మాత్రలేమన్నా మింగుతావా అని అడిగాను. లేదమ్మా, లేదమ్మా అన్నాడు. ఇంకో మాట అడగబోతుంటే వెనకనించి సర్జన్ గారు, "కబుర్లు తర్వాత చెప్పుకుందురు గానీ, కానివ్వండి మేడం" అన్నాడు. కబుర్లట!

ఇలాంటి కడుపులో ఉన్నదంతా ఏ క్షణాన్నైనా వాంతై ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకని మనిషి నిద్రపోయిన వెంటనే గొంతులో గొట్టం వేయాలి. దానికొక మందు ఉంది. కాసేపు ఒంట్లో కండరాలన్నిటినీ వదులు చేసేస్తుంది, ఊపిరి తీసే కండరాలతో సహా. ఆ కాసేపూ ఊపిరి మేం పోస్తాం. తర్వాత రక్తంలో ఉండే ఒక పదార్థం ఆ మందును విరగ్గొట్టేస్తుంది, మనిషి కదులుతాడు. మామూలుగా కొన్ని నిమిషాల వ్యవహారం.

ఈ మనిషి కదల్లేదు. పొట్ట కోసి ఎంతసేపైనా కండరాలు బిగుసుకోలేదు. మళ్లీ వదులు చేసే మందు ఇవ్వాల్సిన అవసరమే రాలేదు. నాడి పరుగెత్తాల్సింది పోయి నీరసంగా కొట్టుకుంటోంది. దానికి మందిస్తే లేస్తుంది, మళ్లీ దిగుతుంది. నోట్లో ఊట ఊరుతూనే ఉంది, పీల్చి పారేస్తూనే ఉన్నాను. నా మనసు కీడు శంకించడం మొదలుపెట్టింది.

సర్జన్ గారు పేగు విప్పాడు. పేగుకు మళ్లీ రంగొచ్చింది, కుట్లు పడ్డాయి. నేను మత్తు గ్యాసు ఆపి, కళ్ల మీది ప్లాస్టర్ తీసి కూర్చున్నాను. దగ్గు లేదు, ఊపిరి లేదు, వేలు కదలదు. ఊపిరి పోసే బ్యాగు నొక్కుతూ కూర్చున్నాను. నరం మీద చిన్న షాక్ పెట్టి కండరం పలుకుతుందో లేదో చూసే యంత్రం ఒకటుంటుంది, గుప్పెట్లో పట్టేంత. కొనండి మహాప్రభో అని ఆ ఆస్పత్రిలో ఎన్నిసార్లు మొత్తుకున్నానో! వచ్చే నెల, వచ్చే నెల. ఈలోగా రిసెప్షన్లో మాత్రం నిలువెత్తు అక్వేరియం వచ్చింది.

"ఏంటి మేడం, మత్తు ఎక్కువైందా?" అన్నాడు సర్జన్ గారు గ్లవ్స్ విప్పుతూ.

పళ్లు కొరుక్కున్నాను. బ్యాగు సిస్టర్ చేతికిచ్చి, ఒక్క నిమిషం అని తలుపు తీసుకుని బయటికొచ్చాను. అక్కడ అతని భార్య, అన్న నిలబడి ఉన్నారు.

"రెండు మూడు రోజుల్లో చేలో పురుగుమందు కొట్టాడా?"

"లేదమ్మా" అన్నాడు అన్న, నా మాట పూర్తి కాకముందే. "వాడు చేలోకి పోయి శానా దినాలయింది."

భార్య నేల చూపులు చూస్తోంది. ఆమె దగ్గరికి వెళ్లి చెప్పాను. "చూడమ్మా, నీ మొగుడు బతికే ఉన్నాడు. ఊపిరి తీసుకోవడం లేదు, మేం పోస్తున్నాం. ఎందుకు తీసుకోవడం లేదో తెలిస్తే ధైర్యంగా పోస్తూ కూర్చుంటాను. తెలియకపోతే చీకట్లో తడుముకోవాలి."

"నువ్వు నోరు మూసుకోనుండు మే" అన్నాడు అన్న.

ఆమె మూసుకోలేదు. "కొట్టినాడమ్మా. వరికి దోమ పడింది. కడుపులో నొప్పి వస్తా ఉంటే సోడా తాగి, రెండు దినాలు కొట్టినాడు. ఆస్పత్రిలో పడుకుంటే చేను ఎవురు చూస్తారు, పని తీర్చుకోని పోదాం అన్నాడు. స్ప్రేయరు కారి వీపంతా తడిసిపోయింది."

"ఇంతసేపూ చెప్పలేదేం తల్లీ?"

"చెప్తే ఆ మందే తాగినాడంటారు గదమ్మా."

పక్క ఊళ్లో ఒకాయన మందు కొడుతూ కొడుతూ చేలోనే పడిపోయాడట. ఆస్పత్రికి తెస్తే తాగాడని రాసి పోలీసులకు కబురు చేశారట. మొగుడు మంచం మీద ఉండగా పెళ్లాన్ని కూర్చోబెట్టి, ఇంట్లో ఏం గొడవ, నువ్వేమన్నావు అని అడిగారట. ఊరంతా ఈనాటికీ ఆమెనే అంటారట. "అందుకే వాసన రాకుండా రెండుసార్లు తలంటు పోసి, ఉతికిన గుడ్డలేసి తెచ్చినా" అంది.

ఆమె మీద నాకు కోపం రాలేదు. వచ్చిందంతా మా మీదే. మా ఆస్పత్రుల గుమ్మంలో పురుగుమందు అనే మాట వినబడితే చాలు, అది మనిషి మీద ఎలా పడిందని ఎవరూ అడగరు. ఎందుకు తాగాడని అడుగుతారు. నాడిని దించేదీ, నోట్లో ఊట ఊరించేదీ ఆ పురుగుమందే. నేనిచ్చిన మందును విరగ్గొట్టే పదార్థాన్ని నాశనం చేసేదీ అదే. ముందే తెలిస్తే ఇంకో మందు వాడేదాన్ని. మాకు భయపడే ఆమె మొగుడి ఒంటిమీద కుంకుడు రసం పోసి నిజాన్ని కడిగేసింది.

లోపలికెళ్లి విషయం చెప్పాను. సర్జన్ గారి ముఖం వెలిగిపోయింది! దేవుడి తోడు, వెలిగిపోయింది.

"అలా చెప్పండి. తాగొచ్చాడన్నమాట."

"తాగలేదండీ. చేలో కొట్టాడు."

"అందరూ అలాగే చెప్తారు మేడం. పాయిజన్ కేసని రాసి, పోలీసులకు ఒక మాట చెప్పి, నెల్లూరు పెద్దాసుపత్రికి పంపేద్దాం. హెర్నియా కేసు వెయిటింగ్‌లో ఉంది, టేబుల్ ఖాళీ చేయాలి."

"అంబులెన్సులో బ్యాగు ఎవరు నొక్కుతారు? డ్రైవరా?"

ఆయన తలుపు తెరిపించి, అన్ననూ భార్యనూ లోపలికి పిలిపించాడు. నోట్లో గొట్టంతో పడి ఉన్న మనిషి పక్కన నిలబెట్టి గద్దించాడు. "నిజం చెప్పండి, తాగాడా? ఇంట్లో గొడవలా? పోలీసులొస్తే ఎలాగూ చెప్పాలి."

"మాకేం తెలీదు సార్. ఏం జరిగిందో మాకేం తెలీదు" అన్నాడు అన్న.

"నువ్వు చెప్పమ్మా. తాగాడా లేదా?"

పోలీసులన్న మాటకు ఆమె కట్టెలా బిగుసుకుపోయింది. నోట మాట రాలేదు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇక నేనుండబట్టలేకపోయాను. "తాగలేదని నేను చెప్తున్నా వినండి. ముక్కు గొట్టంలోంచి కడుపులోది లాగింది నేను, అందులో మందు వాసన లేదు. పైరు కోసం రెండు రోజులు విషంలో తడిసిన మనిషిని పట్టుకుని విషం తాగాడని రాస్తారా? మీరు అలా రాస్తే నేను సంతకం పెట్టను. బండెక్కిస్తే ఆ బండికి అడ్డంగా పడుకుంటాను. ఆ హెర్నియా ఇన్నాళ్లు ఆగింది, ఇంకో రోజు ఆగితే కొంప మునగదు!"

"మేడం" అంది సిస్టర్ మెల్లగా. "కళ్లు చూడండి."

అతని కళ్ల చివరలనించి నీళ్లు కారుతున్నాయి. నాడి ఒక్కసారిగా పరుగందుకుంది. మేలుకోవాలనే కదా గ్యాసు ఆపాను! మేలుకున్నాడు. రెప్ప లేపడానికి కూడా సత్తువ లేక, తనను పంపేద్దామనడం, తాగాడా అని అడగడం, అన్నీ పడుకుని వింటున్నాడు. మిగిలినవాళ్లను బయటికి పొమ్మని, అతని చెవి దగ్గర వంగాను. "నాయనా, నీకు వినబడుతోందని తెలుసు. నువ్వు చావడం లేదు. మందు దిగడానికి టైం పడుతుంది, అంతే. నేనిక్కడే ఉంటా. ఇప్పుడు నిద్రపుచ్చుతున్నా" అని నిద్రమందు ఇచ్చాను.

సర్జన్ గారు పంపేసే మాట వదిలేసి బయటికి వెళ్లాడు. హెర్నియా పేషెంటు మర్నాటికి వాయిదా పడ్డాడు, నిక్షేపంగా ఉన్నాడు. నేనూ సిస్టరూ థియేటర్లో ఉన్న పాత వెంటిలేటరుకు తగిలించి, నాడి దిగినప్పుడల్లా మందిస్తూ, మధ్యమధ్య ఆ యంత్రం మొరాయిస్తే చేత్తో నొక్కుతూ కూర్చున్నాం. సాయంత్రానికి ఒక వేలు కదిలింది. తర్వాత చిన్న ఊపిరి. పొద్దుగూకే వేళకు గట్టిగా దగ్గి, దిండు మీంచి తల ఎత్తి అలాగే నిలిపాడు. గొట్టం తీసేశాను.

బయట అన్న సర్జన్ గారి కాళ్ల మీద పడ్డాడు. "మీరు దేవుడు సార్" అన్నాడు. ఆ దేవుడు అతని భుజం తట్టాడు. బంధువులకు ఏం చెప్పాడో గానీ, నేను కారెక్కుతుంటే ఒక ముసలాయన ఎదురొచ్చి, "ఏందమ్మా, మత్తు అంత ఎక్కువిచ్చేసినావంట?" అన్నాడు. తలుపు ధడాలున వేసుకుని వచ్చేశాను.

కుట్లు విప్పే రోజున అదే ఆస్పత్రిలో నాకు ఇంకో కేసు ఉంది. హాల్లో అక్వేరియం ఎదుట బెంచీ మీద మొగుడూ పెళ్లాం కూర్చున్నారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి. సంచి ఆమె ఒళ్లో ఉంది. నేను వెళ్లి అతనికి జాగ్రత్తలు చెప్పాను. మళ్లీ ఎప్పుడు ఎక్కడ ఆపరేషన్ అన్నా పురుగుమందు సంగతి మొట్టమొదట చెప్పమన్నాను. బుద్ధిగా విన్నాడు. విని, "అమ్మా, ఆ పొద్దు నేనంతా విన్నా" అన్నాడు.

"తెలుసయ్యా."

"రెప్ప గూడా లేవలా. తాగినాడా తాగినాడా అని అడగతా ఉండారు. మా అన్న తెలీదన్నాడు. సరే, వాడంతే. ఇది నా పెండ్లామమ్మా. పక్కనే నిలబడుకోని, తాగలేదు అని ఒక్క మాట అనలా. ఎవరో పరాయి మనిషి, మీరన్నారు."

ఆమె సంచి పిడి పట్టుకుని చేపల వైపు చూస్తోంది.

"ఆమెతో మాట్లాడుతున్నావా?" అని అడిగాను.

"ఇంటికి పోయినప్పటినుంచీ మాట్లాడలా" అని ఆమే జవాబిచ్చింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఓరి నీ అసాధ్యం గూలా! నువ్వు తాగలేదని నేను ఎవరు చెప్తే అన్నాననుకున్నావు? నాకేమన్నా కలొచ్చిందా? బయట మీ అన్న నోరు మూసుకోమంటున్నా వినకుండా, కొట్టినాడమ్మా అని చెప్పింది ఎవరు? ఆ మాట చెప్పకపోయి ఉంటే నా దగ్గర చెప్పుకోవడానికి ఏం ఉండేది? నిన్ను బండెక్కించేవాళ్లు, నెల్లూరు దారిలో వెంకటాచలం దాటేలోపే నీ పని అయిపోయేది. లోపల పోలీసులు పోలీసులని అరుస్తుంటే భయపడింది. భయపడదా మనిషి?"

అతను తల తిప్పి భార్యను చూశాడు.

"నాకు చెప్పలేదే మే?"

"అడిగినావా నువ్వు?" అంది ఆమె.

అప్పుడే సర్జన్ గారు రౌండ్లకని గదిలోంచి వచ్చాడు. మమ్మల్ని చూసి నవ్వి, హాలంతా వినబడేలా, "ఏం మేడం, మీ పాయిజన్ కేసు ఎలా ఉన్నాడు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు ఆమె లేచి నిలబడింది. సంచి కింద పడింది. ఆమె మాట చీటీల కౌంటరు దాకా వినబడింది.

"తాగలేదు సార్ మా ఆయన. చేలో కొట్టినాడు."

హాల్లో అందరూ తిరిగి చూశారు. అతను కుట్ల మీద చేయి ఆనించుకుని మెల్లగా వంగి, ఆ సంచి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.