ఏడో నెలలో సాయంత్రం బడి

మా బడి ఉర్దూ నుంచి తెలుగుకు మారిన సంవత్సరమే నేను మొదటిసారి కడుపుతో ఉన్నాను. నిజాం పాలన పోయి ఇంకా ఏడాది నిండలేదు. సూర్యాపేటలో మా ఆడపిల్లల బడి ఒక కిరాయి ఇంట్లో నడిచేది. రెండు గదులు, ఒక వసారా, నలుగురు పంతులమ్మలం. మిగతా ముగ్గురూ ఉర్దూలో చదువుకున్నవాళ్లు. తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు. నాది కోదాడ. చిన్నప్పుడు నిజాం సరిహద్దు అవతల జగ్గయ్యపేటలో మేనమామ ఇంట్లో ఉండి తెలుగులో చదువుకున్నాను.

జూన్‌లో పైనుంచి హుకుం వచ్చింది. ఇకమీదట పాఠాలన్నీ తెలుగులోనే చెప్పాలి. దసరా సెలవుల తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి పంతులమ్మలకు తెలుగు పరీక్ష పెడతారు, తప్పినవాళ్లకు ఉద్యోగం ఉండదు. పెద్ద పంతులమ్మను మేమందరం ఆపా అనేవాళ్లం. యాభై దాటిన మనిషి, భర్త పోయి చాలాకాలమైంది. ఆమె ఆ కాగితం నాకిచ్చి, "బేటీ, ఇగ బడి నీ చేతుల్నే ఉన్నది" అన్నారు. పొగడ్త అనుకున్నాను. వారం తిరిగేసరికి అర్థమైంది. నాలుగు తరగతుల తెలుగూ నాదే. రిజిస్టర్లలో పిల్లల పేర్లు ఉర్దూలోంచి తెలుగులోకి ఎక్కించడమూ నాదే. బడి వదిలాక గంటసేపు ఆ ముగ్గురికీ ఓనమాలు దిద్దించాలి.

అప్పుడు నాకు మూడో నెల. పాత రిజిస్టర్లు తెరిస్తే ఆ వాసనకు కడుపులో తిప్పేది. పెరట్లోకి వెళ్లి కక్కి, మూతి కడుక్కుని వచ్చి మళ్లీ రాయడానికి కూర్చునేదాన్ని. మా ఆయన మిర్యాలగూడ తాలూకా కచేరీలో గుమాస్తా. శనివారం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లేవాడు. ఆపాకు సంగతి చెప్పలేదు. ముందుగా కనిపెట్టింది ఒకటో తరగతి పంతులమ్మ. వయసులో ఆపా కన్నా కూడా పెద్దది, సూర్యాపేట మనిషే. అక్కా అని పిలిచేదాన్ని.

"ఎన్నో నెల?" అంది, నా వెనకాలే పెరట్లోకి వచ్చి.

"మూడు, అక్కా."

"ఆపాకు చెప్పినవా? చెప్పు. దాస్తే దాగుతదా గిది?"

చెప్పాను. ఆపా సంతోషించారు, నెత్తిన చెయ్యి పెట్టి దీవించారు. పని మాత్రం తగ్గలేదు.

సాయంత్రం బడిలో ఆపాకు 'ళ' నోరు తిరిగేది కాదు. 'పళ్లు' అనమంటే 'పల్లు' అనేవారు. అక్కకు మాట ఇబ్బంది లేదు, రాతతోనే తంటా. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి, పలక మీద కుడివైపు నుంచే మొదలుపెట్టేది. చూపు కూడా మందగించింది. ఒత్తులు ఎంత పెద్దగా రాసి చూపినా ఒకటి రాస్తే ఇంకొకటయ్యేది. మూడో ఆమె చిన్నది, తొందరగానే పట్టుకుంది.

ఏడో నెలలో నన్ను పుట్టింటికి తీసుకుపోదామని మా అమ్మ కోదాడ నుంచి బొగ్గుతో నడిచే బస్సెక్కి వచ్చింది. నా కాళ్ల వాపు చూసి ఇంట్లో కూర్చోలేదు, నేరుగా బడికి, ఆపా దగ్గరికి వచ్చింది.

"పంతులమ్మగారూ, మీరూ పిల్లల్ని కన్నవారే కదా. ఈ కాళ్లు చూశారా?"

"చూసిన, అమ్మా. ఈమె పోతే మా ముగ్గురి నౌకరీ పోతది. నాకు ఇంకో ఆధారం లేదు."

నేనే అన్నాను, "పరీక్ష అయ్యేదాకా ఉంటానమ్మా" అని. అమ్మకు కోపం వచ్చింది గానీ వెళ్లిపోలేదు. నాతోనే ఉండిపోయింది.

మర్నాటి నుంచి ఆపా పద్ధతి మార్చారు. రిజిస్టర్ల పని చిన్నామెకు అప్పగించారు. నాకు కుర్చీ వేయించి, ముందు కాళ్లు పెట్టుకోవడానికి పీట వేయించారు. సాయంత్రం నేను బడిలో ఉండాల్సిన పని లేకుండా ముగ్గురూ మా ఇంటికే వచ్చేవాళ్లు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే ఆపా 'ళ'ను సరిదిద్దేది. "నాలిక మడవండమ్మా, మడవండి" అనేది. కొన్నాళ్లకు ఇద్దరికీ బాగా కుదిరింది.

ఎనిమిదో నెల వచ్చాక నాకు కూర్చుంటే నడుం పట్టేసేది. గంట పాఠం అరగంట చేశాను. ఆపాకూ చిన్నామెకూ అది చాలింది. అక్కకు చాలదని నాకు తెలుసు. "ఇంకొంచెం కూసోవే" అని ఆమె అడిగిన రోజులున్నాయి. "రేపు చూద్దాం అక్కా" అని పంపేసేదాన్ని.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ఆపా వాచకంలో ఒక పాఠం చదివారు, నిదానంగా, వేలు పెట్టుకుని. చిన్నామె తప్పు లేకుండా రాసింది. అక్క నాలుగు వాక్యాల్లో పది తప్పులు రాసింది.

మరుసటి వారం అమ్మతో కోదాడ వెళ్లాను. ఆడపిల్ల పుట్టింది, కాన్పు తేలికగానే అయింది. మూడు నెలల తర్వాత పిల్లను ఎత్తుకుని బడికి వచ్చేసరికి ఆపా రెండో తరగతికి తెలుగు చెబుతున్నారు. ఒకటో తరగతిలో కొత్త పంతులమ్మ ఉంది. అక్కను ఉద్యోగంలోంచి తీసేశారని, హైదరాబాదులో తమ్ముడింటికి వెళ్లిందని ఆపా చెప్పారు. నా మీద ఆమె ఎవరితోనూ ఒక్క మాట అనలేదట. ఆ పని అప్పుడు నా ఒంటికి మించినదని ఇప్పటికీ అనుకుంటాను. అయినా నేను తగ్గించిన ఆ అరగంట ఆమెనొక్కదాన్నైనా కూర్చోబెట్టుకుని ఉండాల్సింది.