ఓబులేసన్న వేసిన గాజు అక్షరాలు

ఓబులేసన్న ఇక లేరన్న దుర్వార్త నాకు ఫోనులో తెలిసింది. ఎవరో స్టేటస్‌లో పెట్టిన శ్రద్ధాంజలి చిత్రం అది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ముందు అక్షరాలనే చూశాను. ఎక్కడో దొరికిన రెడీమేడ్ గాజు అక్షరాలు, అంటే గాజుతో చేసినట్టు కనపడేలా కంప్యూటరులో వేసేవి. వెలుగు ఏ పక్కన పడుతోందో నీడ కూడా అదే పక్కన పడింది. ఇంత దరిద్రంగా ఎవరు వేశారబ్బా అని విసుక్కున్నాకే పేరు చదివాను. అది నా గురువు పేరు. ఫోను బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ చదివాను. ప్రింటు వేసిన ఫ్లెక్సీని రోడ్డవతలి నుంచి చూసి వస్తూ బండల లారీ కింద పడ్డారట.

తాడిపత్రిలో ఫ్లెక్సీ వేయించుకున్నవారికి ఆయన్ను పరిచయం చేయనక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. యౌవనంలో ఆయన బండల ఫ్యాక్టరీలో శిలాఫలకాల మీద పేర్లు చెక్కారు. ఆ తర్వాత కుంచె పట్టి అంగళ్ళకు బోర్డులు రాశారు. కుంచెకు కాలం చెల్లాక, నలభై దాటిన వయసులో కంప్యూటరు ముందు కూర్చుని ఫొటోషాప్ నేర్చుకున్నారు. పనిముట్టు మారింది గానీ ఆ అక్షరోపాసన మారలేదు. అందులోనూ గాజు అక్షరమంటే ఆయనకు ప్రాణం.

డిగ్రీ అయ్యాక పని నేర్చుకుందామని నేను ఆయన దగ్గర చేరాను. మొదటి రోజు కంప్యూటరు ముట్టనివ్వలేదు. గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి పేపరు మీద పెట్టి, “ఏం కనపడతాండాది పాపా?” అన్నారు. గ్లాసు అన్నాను. “కాదు, బాగా చూడు” అన్నారు. సాయంత్రానికి గానీ నాకు తట్టలేదు. గ్లాసు వెనక అక్షరాలు వంగి, కొంచెం పెద్దవై కనిపిస్తున్నాయి.

“అదే! గాజును గీసేకి కుదరదు పాపా. గాజు దాని యెనకుండేదాన్ని ఏం చేస్తాందో అది గీయాల” అన్నారు. మరుసటి రోజు ఆ పని స్క్రీను మీద చేసి చూపారు. అక్షరంలోని రంగంతా తీసేశారు. ఒక అంచుకు సన్నని వెలుగు, ఎదురంచుకు నీడ పెట్టారు. వెనకున్న బొమ్మను అక్షరం మేరకు కాస్త మసకపరిచారు. అంతే, ఖాళీలోంచి అక్షరం లేచి నిలబడింది. నాకు ఒళ్ళు పులకరించింది.

అయితే స్క్రీను మీది అందాన్ని ఆయన నమ్మేవారు కాదు. స్క్రీనుకు వెలుగు వెనక నుంచి వస్తుంది, ఫ్లెక్సీకి మన ఎండ ముఖం మీద కొడుతుంది. స్క్రీను మీద తళతళలాడే గాజు బయట వేలాడదీస్తే మాయమైపోతుంది. అందుకే ప్రతి ప్రింటునూ షట్టరుకు కట్టి, రోడ్డు దాటి, ఎదుటి టీ అంగడి గోడ దగ్గర నిలబడి చదివేవారు. చదవలేకపోతే చింపి మళ్ళీ వేసేవారు. ఆ ఆచారం వానలోనూ తప్పలేదు. మా సీమలో వాన ఎప్పుడో గానీ రాదు కాబట్టి అదేమంత కష్టం కాలేదని ఆయనే నవ్వేవారు.

చనిపోయినవారి ఫ్లెక్సీలకు ఇంకొక పద్ధతి ఉండేది. మేఘాలూ దీపాలూ ఒప్పుకునేవారు కాదు. ఒకసారి వజ్రకరూరు వైపు నుంచి గొర్రెల కాపరి కొడుకు వచ్చి, “మా నాయన పేరు యెనక స్వర్గం పెట్టన్నా” అని అడిగాడు. “స్వర్గం నువ్వు చూసినావా, నేను చూసినానా? మీ నాయన గొర్రెల ఫొటో తేపో” అన్నారు. ఆ పేరు గాజులోంచి మంద కదులుతున్నట్టు కనపడింది. కొడుకు షట్టరు పట్టుకుని ఏడ్చాడు.

ఇప్పుడు చెప్పక తప్పనిది చెబుతాను. నేను అనంతపురంలో ఒక ప్రెస్సులో చేరి కొన్నేళ్ళయింది. రెండు నెలల కిందట చూసిపోదామని వెళ్ళాను. ఆయన కొత్త ఫ్లెక్సీల్లో అంచులు లావెక్కాయి, నీడలు నల్లబడ్డాయి. నాకు నోటి దురుసు జాస్తి. “ఇదేం గాజన్నా, మనూరి బండల మాదిరుండాది!” అని పకపకా నవ్వాను. ఆయనా నవ్వి, “ఇప్పుడు అందరూ ఇట్లే అడుగుతాండారులే పాపా” అన్నారు. కాలం మారితే గురువు చేతిలో రుచి చెడిందనుకున్నాను. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది, అడగలేదు.

దినాల నాడు అన్న భార్య రామలక్ష్మి వదిన నన్ను పక్కకు పిలిచి చెప్పింది. “షుగరుతో కండ్లు పోతాండె పాపా. ఎవురికీ చెప్పొద్దనె. సన్న అంచులు కనపడకనే లావు చేస్తాండె. నువ్వు నవ్విపోయిన కాడ్నుంచి ఒక్కో ప్రింటుకు రెండు మూడు తూర్లు రోడ్డు దాటుతాండె, నిజంగా బండల మాదిరుండాదేమో అని.”

వదిన నన్ను నిందించలేదు. నింద ఉంటే ఏదో ఒక జవాబు వెతుక్కునేదాన్ని. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పి, అన్న శ్రద్ధాంజలి ఫ్లెక్సీ నన్నే వేయమంది.

ఆయన కుర్చీలోనే కూర్చుని వేశాను. పేరు వెనక ఆయన అంగడి ఫొటో పెట్టాను, టీ అంగడి గోడ దగ్గర నిలబడి తీసింది. ఆయన నేర్పినట్టే వెలుగు ఒక పక్క, నీడ ఒక పక్క, వెంట్రుకంత అంచు. ఇంత శ్రద్ధగా జన్మలో ఏ పనీ చేయలేదు. ప్రింటు షట్టరుకు కట్టి, వదిన చేయి పట్టుకుని రోడ్డు దాటాను. టీ అంగడి గోడ దగ్గర ఇద్దరం నిలబడ్డాం.

వదిన చాలాసేపు చూసింది. “నాకు బాగా కనపడతాండాది పాపా. ఆయప్ప కండ్లకైతే కనపడేది కాదు” అంది.

తిరిగి వచ్చి దాన్ని చింపేశాను. అంచులు లావు చేశాను, నీడలు నల్లగా చేశాను, నేను నవ్విన ఆ అక్షరాలే అచ్చంగా వేశాను. ఆ మహనీయునికి నా అశ్రునివాళి అదే. అక్షరాన్ని ఎదుటివాడి కంటితో చదివి చూసే మనిషి మా వృత్తిలో మరొకరు లేరు, ఇక రారు. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు ఆయన అంగడి మీదే ఉంది. తెలిసినవాళ్ళు చూసి, ఇదేం గాజు, బండల్లా ఉందని నవ్వవచ్చు. నవ్వనివ్వండి. అది అన్న చదువుకోవడానికి వేసింది.