లాడాల మామ చూసిన ఫోటోలు

మొన్న శుక్రవారం పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. మా ప్రొద్దుటూరులో గుర్రాలకు లాడాలు కొట్టే మామ పోయాడని, జుమ్మా నమాజు అయ్యాక మట్టి ఇస్తారని ఆయన కూతురు చెప్పింది. ఆయన నాకు చుట్టం కాదు. మా వీధి చివర, తన ఇంటి ముందు రేకుల పందిరి కింద పని చేసుకునేవాడు. కానీ ఇన్నేళ్లలో నేను తీసిన ప్రతి గుర్రం ఫోటో మొదట చూసింది ఆయనే.

నేను బడిలో గుమాస్తాను. సెలవు వస్తే కెమెరా తగిలించుకుని జమ్మలమడుగు, పులివెందుల వైపు తిరుగుతాను. ఒకప్పుడు జట్కాలు తోలినవాళ్లు, ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాళ్లు, వాళ్ల ఇళ్లు, వాళ్ల పని, ఇవీ నా ఫోటోలు. మొదలుపెట్టిన కొత్తలో, మామ పందిరి కింద కట్టేసిన ఒక తెల్లగుర్రం ముఖాన్ని అదేపనిగా తీస్తున్నాను. ఆయన దాని డెక్క చెక్కుతూ, తలెత్తకుండానే అన్నాడు.

“మొగం అందరూ తీస్తారు పాపా. ఇంత బరువు మోసే కాళ్లెవురు తీస్తారు?”

కెమెరా పక్కన పెట్టమన్నాడు. ఆ కాలు నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. గుర్రం కాలు అంత వెచ్చగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. “ఆఁ, ఇప్పుడు తీసుకో” అన్నాడు. ఆ రోజు తీసిన ఫోటోల్లో ముఖం ఒక్కటీ లేదు. అవే నేను తీసిన మొదటి మంచి ఫోటోలు.

ఆయన పెట్టిన షరతు ఒకటే. ఎవరి ఫోటో తీస్తే వాళ్లకు ముందు ఒక ప్రింటు ఇవ్వాలి. “వాళ్లింట్లో చూపిచ్చినాక ఊరికి చూపిద్దువు” అనేవాడు. అలా సింహాద్రిపురం దాకా ప్రింట్లు పట్టుకుని బస్సుల్లో తిరిగాను. పోయే ముందు ఆయనకు చూపించేదాన్ని. మనుషుల మీద ఆయన చూపు ఆగేది కాదు. అద్దాలు నుదుటి మీదికి నెట్టి, ప్రింటు ముక్కు దగ్గర పెట్టుకుని, గుర్రం ఎలా నిలబడిందో చూసేవాడు. “ఇది ఎడమకాలి మీద బరువు మోపల్యా. రేపు పోయొస్తా” అనేవాడు. మర్నాడు నిజంగానే సంచి భుజాన వేసుకుని బస్సెక్కేవాడు. ఎవరూ పిలవకపోయినా సరే.

మూడేళ్ల కిందట జమ్మలమడుగులో ఒక ఎర్రగుర్రాన్ని తీశాను. వీపు మీద జరీ గుడ్డ, మెడలో పూసలు, చూడముచ్చటగా ఉంది. మామ ఆ ప్రింటును చాలాసేపు చూశాడు.

“చెవులు ఎనక్కి పెట్టింది చూడు. దీనికి వీపు నొప్పి. పాదాం పా” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం జమ్మలమడుగు వెళ్లాం. మామ జరీ గుడ్డ ఎత్తాడు. జీను ఒరుసుకుని వీపు మీద అరచేయంత పుండు. నా చేయి నా ప్రమేయం లేకుండానే కెమెరా మీదికి పోయింది. ఫోటో తీసేశాను. గుర్రం యజమాని, నలభై ఏళ్ల మనిషి, చేతులు జోడించాడు.

“మేడం, దీన్ని పేపర్లో ఎయ్యద్దు. ఎల్లుండి పులివెందుల్లో పెండ్లి ఉండాది. ఇది తెలిస్తే నన్నెవురూ పిలవరు. పిల్లోళ్లు ఉండారు.”

నాకు కోపం వచ్చింది. అప్పుడే కడపలో ఒక ప్రదర్శనకు నన్ను ఫోటోలడిగారు. బస్సులో తిరిగి వస్తూ మామతో గొడవపడ్డాను. “నేను తీసింది నిజం కదా మామా?”

“నిజమే. ఆ నిజం ఎవురికి చెప్పల్లో వానికి చెప్పు. కడపోళ్లు చూస్తే పుండు మానుతాదా?”

మర్నాడు నాతో ఆ పుండు ఫోటో పెద్ద ప్రింటు తీయించుకుని, ఆయనే తీసుకెళ్లి ఆ గుర్రాన్ని కట్టేసే కొట్టంలో గోడకు కొట్టాడు. యజమాని మండిపడ్డాడు. “నాకు తెలీదనుకుంటాండావా మామా?”

“తెలుసు గాబట్టే గుడ్డ కప్పినావు. ఇప్పుడు గుడ్డ కప్పినా కనపడతాది.”

ఆ మనిషి గోడ వైపు చూస్తూ కూలబడ్డాడు. “పెండ్లోళ్లకు మాటిచ్చినా” అన్నాడు. మామ ఆయన్ను తిట్టలేదు. ఆ యజమానినే వెంటబెట్టుకుని పులివెందుల వెళ్లి, పెళ్లికొడుకు తండ్రితో తనే మాట్లాడాడు. గుర్రం వస్తుంది, ముందు నడుస్తుంది, దాని మీద ఎవరూ ఎక్కకూడదు, అన్నాడు.

“ఎక్కకపోతే గుర్రమెందుకప్పా?” అన్నాడాయన.

“మీ కొడుకు శుభమా అని బయల్దేరతాండాడు. పుండు మీద కూసోని పోతాడా?”

ఆ తండ్రి లోపలికి వెళ్లి కొడుకును అడిగి వచ్చాడు. “నడుస్తాడంట” అన్నాడు.

పెళ్లిరోజు పొద్దున, జీను లేని ఎర్రగుర్రం పగ్గం మామ పట్టుకున్నాడు. దాని మెడ మీద చేయి వేసి పెళ్లికొడుకు పక్కనే నడిచాడు. అప్పుడు నేను తీసిన ఫోటోను, దాని మొదటి ప్రింటు పెళ్లివాళ్లకిచ్చాక, కడపకు పంపాను. పుండు ఫోటో నేను ఇంకెవరికీ చూపలేదు. పుండు మానేదాకా మామ వారం వారం జమ్మలమడుగు పోయి కడిగి మందు రాసి వచ్చాడు. ఎన్ని వారాలో నేను లెక్కపెట్టలేదు, ఆయనా చెప్పలేదు. ఆ సంగతి ఎత్తితే, “పుండు గుర్రమే మాన్పుకునింది, నేనేం జేస్తి” అనేవాడు. ఆ తర్వాత లాడాలు కొట్టించాల్సి వచ్చినప్పుడల్లా యజమాని ఆ గుర్రాన్ని మామ పందిరికే తోలుకొచ్చేవాడు.

ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లేసరికి వీధిలో ఆ ఎర్రగుర్రం ఉంది. దాని యజమాని దువ్వూరు పెళ్లిలో ఇరుక్కుని మట్టికి అందలేకపోయాడట. అక్కడి నుంచే గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. పందిరి కింద ఎవరూ లేరు. పనిముట్లు కూతురు లోపల పెట్టేసింది. గుర్రం పందిరిలోకి తనంతట తనే నడిచి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడి, ముందుకాలు పైకెత్తింది.

ఎత్తిన కాలు అలాగే ఉంది. యజమాని పగ్గం వదిలేశాడు. వంగి, ఆ కాలు తన తొడ మీద పెట్టుకుని, డెక్కలో ఇరుక్కున్న దువ్వూరు మట్టిని బొటనవేలితో మెల్లగా తీయడం మొదలుపెట్టాడు.