చిత్రాన్నం కొండెక్కిన రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లో కోపగించుకోవడానికి ఖాళీ జాగా ఉండేది కాదు. ధర్మవరంలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నాయన మగ్గం, వెనక గదిలో అవ్వ, రెండింటి మధ్య అమ్మ రాట్నం. ఏ మూల నిలబడి మూతి ముడుచుకున్నా ఎవరో ఒకరు "ఊరికే నిలబడుకోకపోతే ఈ కండెలన్నా చుట్టకూడదా?" అని పని పురమాయించేవారు. అందుకని ఇంట్లో వచ్చిన కోపాన్ని కూడా భద్రంగా బడికే మోసుకెళ్ళేదాన్ని. బడిలో జాగాకు కరువు లేదు, కోపానికి కారణాలకూ కరువు లేదు. (నా కోపం అప్పుడు ఊళ్ళో ప్రసిద్ధం. అవ్వ నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేసి "మిరపకాయ" అనేది.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ వేసవిలో నాకు వచ్చిన కోపం మాత్రం అసలు సిసలైనది. దాని గురించే చెబుతాను.

నేను ఫిఫ్తు ఫారంలో, అంటే ఇప్పటి పదో తరగతిలో, ఉండగా మా హైస్కూలుకు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. కోస్తా వైపు సర్కారు జిల్లాల మనిషి. తెల్లటి పంచె, మడత నలగని ఉత్తరీయం, నోరు తెరిస్తే "సర్వతోముఖ వికాసం". ఎండలు ముదిరి ఒంటిపూట బడి మొదలయ్యేసరికి ఆయన శనివారాలను ఆ వికాసానికి కేటాయించాడు. మగపిల్లలకు నాటకం, వక్తృత్వం, స్కౌట్లు, తోటపని. నాతో కలిపి ఆరుగురం ఆడపిల్లలం ఉండేవాళ్ళం. మాకు కుట్టుపని, ముగ్గులు, అతిథులకు పూలదండలు, వార్షికోత్సవంలో స్వాగతగీతం. నాటకంలో రాణి వేషం కూడా మగపిల్లవాడికే ఇచ్చారు, వాడికి అప్పటికే మీసం నూగుగా మొలుస్తున్నా సరే. సర్వతోముఖ వికాసంలో మా ముఖాలను ఎక్కడా లెక్కపెట్టలేదని నేను అన్న మాట ఎవరో ఆయన దాకా మోశారు. దానికి అరగంట బెంచీ ఎక్కాను.

అంతలో వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం పెనుకొండ కోట. గెలిచినవాళ్ళు ఆ కోటకే వెళ్ళబోయే విహారయాత్ర రోజున కొండమీద, అందరి ముందూ తమ వ్యాసం చదవాలి. కండెలు చుడుతూ, వాక్యాలు మనసులో పేర్చుకుంటూ పది రోజులు తంటాలు పడి రాశాను. మొదటి బహుమతి నాకే వచ్చింది! నోటీసు బోర్డు మీద నా పేరు చూసుకోవడానికి పనిలేకపోయినా ఆ రోజు నాలుగుసార్లు నీళ్ళకని బయటికి పోయాను. నాయన ఒప్పుకుంటాడో లేదోనని భయపడ్డాను గానీ, "సార్లు పిలిచినప్పుడు పోవల్ల కదా" అని ఒక్క మాటతో పంపించాడు. అవ్వ మాత్రం "ఆడపిల్లకు కొండలెందుకు? పెండ్లి చేస్తే అదే సరిపోతాది" అని నా సంతోషంలో చారెడు ఉప్పు కలిపింది.

యాత్ర రోజు పొద్దున ప్యాసింజరులో నలభైమంది మగపిల్లలు, ఆరుగురం మేము, మాకు తోడుగా కుట్టు టీచరు, అందరి మీదా అధికారిగా డ్రిల్లు మాస్టరు పెనుకొండలో దిగాం. డ్రిల్లు మాస్టరును మేము విజిల్ సారు అనేవాళ్ళం. ఆయన మెడలో విజిల్ నిద్రలో కూడా ఉంటుందని చెప్పుకునేవాళ్ళు. కుట్టు టీచరు ముప్పై దాటిన సన్నటి మనిషి. స్టాఫు రూములో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ. ఇంత పెద్ద ఇత్తడి తపేలాలు రెండు, ఒకదాన్నిండా చిత్రాన్నం, ఇంకొకదాన్నిండా పెరుగన్నం, స్టేషన్ నుంచి జట్కాలో వచ్చాయి. కొండ కింద ఒక పాత మంటపం దగ్గర అందరం ఆగాం. నేను ఓణీ నడుముకు బిగించి, కాగితాలు చేతపట్టుకుని వరసలో ముందు నిలబడ్డాను.

విజిల్ సారు నన్ను కింది నుంచి మీదికి చూశాడు.

"నువ్వు యాడికి పోతాండావు పాపా?"

"కొండమీదికి సార్. వ్యాసం చదవల్ల కదా."

"ఆడపిల్లోళ్ళు కొండెక్కేది లేదు. ఎండ ఎట్ల కొడతాందో చూసినావా? ఏ రాయో జారి కాలు బెణికితే మీ నాయనకు ఎవురు జవాబు చెప్పల్ల? మీరు ఈడనే కూసోని అన్నానికి కాపలా ఉండండి. మేము వచ్చేతలికి విస్తర్లు వేసి పెట్టండి."

"మరి నా వ్యాసం సార్?"

"వ్యాసం నువ్వు చదివితే ఏమి, ఇంకొగరు చదివితే ఏమి?" అని నా చేతిలోంచి కాగితాలు లాక్కుని క్లాసు లీడరుకిచ్చాడు. వాడి గొంతు పెద్దది కాబట్టి మైకు అని పిలిచేవాళ్ళం. గొంతు వెనకాల ఇంకేమీ ఉండేది కాదు. వాడు నా వ్యాసాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుని పళ్ళికిలించాడు. విజిల్ మోగింది, నలభైమందీ లెఫ్ట్ రైట్ అంటూ మెట్లెక్కిపోయారు.

నాకు ఏడుపు రాలేదు. చెవులు కాలాయి. విస్తర్లు విసిరి కొట్టాను. మంటపం స్తంభాన్ని కాలితో తన్నాను. (స్తంభానికి ఏమీ కాలేదు. బొటనవేలు వాచింది. కొండెక్కకుండానే కాలు దెబ్బ తగిలించుకోవచ్చని విజిల్ సారుకు తెలియదు.) "రాసింది నేను! చదవల్సింది నేను! వీళ్ళకు నేను అన్నం కాపలానా?" అని అరిచాను. మిగతా ఐదుగురూ నన్నూ, కుట్టు టీచరునూ మార్చి మార్చి చూశారు. ఆమె ఒక జాకెట్టుకు కాజాలు కుడుతూ కూర్చుని ఉంది.

"టీచర్, మనం కూడా పోదాం టీచర్," అన్నాను, తిడుతుందని తెలిసీ.

ఆమె దారం పళ్ళతో తెంపింది. "అన్నం ఇడిసిపెట్టి కదలొద్దని కదా సారు చెప్పినాడు?"

"ఔను టీచర్."

"అట్లయితే ఇడిసిపెట్టొద్దు. ఎత్తండి."

మాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అప్పటికే ఆమె కొంగు నడుముకు దోపి, పాత గుడ్డ చుట్టకుదురుగా చుట్టి పెరుగన్నం తపేలా నెత్తికెత్తుకుంది. చిత్రాన్నం తపేలాను మేము ఇద్దరిద్దరం మార్చుకుంటూ మోశాం. ఎండకు మెట్లు పెనంలా కాలుతున్నాయి. ప్రతి మెట్టుకూ విజిల్ సారునొకసారి, మైకునొకసారి తిట్టుకుంటూ ఎక్కాను. తిట్లు బలమైన ఆహారమని ఆ రోజు తెలిసింది, అలుపే రాలేదు.

పైకి చేరేసరికి అక్కడ ఒక్కరూ లేరు. మేము మెట్లదారిన ఎక్కుతుండగానే విజిల్ సారు తన పరాక్రమం చూపించడానికి పిల్లలను అవతలి వైపు మేకల దారిన దించేశాడట. కోట గోడ మీది నుంచి చూస్తే మంటపం చుట్టూ నలభైమందీ చీమల్లా తిరుగుతున్నారు. విజిల్ గాలిలో సన్నగా, ఆగకుండా వినిపిస్తోంది. అన్నం కోసం వెతుకుతున్నారని అర్థమై మేమంతా గోడ పట్టుకుని విరగబడి నవ్వాం.

"రాసింది చదువు మరి," అంది టీచరు.

కాగితాలు పోయినా నాకు వ్యాసం అక్షరం అక్షరం నోటికొచ్చు. ఒక పెద్ద బండ ఎక్కి నిలబడి మొదలుపెట్టాను. ఎదురుగా ఐదుగురు పిల్లలు, ఒక టీచరు, చుట్టూ కూలిన గోడలు. మొదటి పేరా కోపంతో చదివాను, రెండో పేరాకు నా గొంతు నాకే ముద్దొచ్చింది. శత్రుసేనలు కోటలోకి చొరబడే ఘట్టానికి వచ్చేసరికి ఇక నాకు లోకం తెలియలేదు. చెయ్యి పైకెత్తి "అదిగో శత్రువులు!" అన్నాను. వింటున్న పిల్లలు నా వెనక్కి చూసి కెవ్వున అరిచారు. నా వాగ్ధాటికి భయపడ్డారనుకుని ఇంకా గట్టిగా అందుకున్నాను. తిరిగి చూసేసరికి నీడలో పెట్టిన చిత్రాన్నం తపేలా చుట్టూ ఇరవై కోతులు బంతి భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నాయి. మూత ఒక పిల్లకోతి నెత్తిన ఉంది. రాళ్ళు విసిరాను, పళ్ళు కొరికాను, వ్యాసంలో లేని మాటలు చాలా అన్నాను. ఒక ముసలి కోతి నన్ను చూస్తూ నింపాదిగా శనగబేడలు ఏరుకుని తింది. చివరికి మిగిలింది పెరుగన్నం, అదీ టీచరు తపేలా మీద మఠం వేసుకుని కూర్చోబట్టి.

కిందికి దిగేసరికి విజిల్ సారు ముఖం కుంకుడుకాయలా నల్లబడి ఉంది. "చిత్రాన్నం యాడ?" అన్నాడు.

"కొండెక్కింది సార్," అంది టీచరు, కళ్ళెత్తకుండా.

నలభై ఎనిమిదిమందికి తలా నాలుగు ముద్దల పెరుగన్నం. తిరుగు రైలులో ఎవరూ పాట పాడలేదు. పైగా మైకు కొండమీద "ప్రాకారం" అన్నచోటల్లా "ప్రకారం" అని చదివాడని తెలిసి నా కడుపు మంట ఆకలిని కూడా మింగేసింది.

సోమవారం టీచరుకు మెమో ఇచ్చారు. నా బహుమతి రద్దయింది. మా ఇంటికి హెడ్మాస్టరు ఉత్తరం వచ్చింది. నాయనకు చదువు రాదు, కాబట్టి నా మీద వచ్చిన ఫిర్యాదు నేనే చదివి వినిపించాలి. మాటలు మార్చి చదివితే ఆయనకు తెలిసేది కాదు. చదువు మాన్పించేస్తాడనే భయమూ ఉంది. కానీ తలవంచడం అంతకంటే కష్టమనిపించి, "అవిధేయత", "దుష్ప్రవర్తన" అన్న మాటలతో సహా ఉన్నదున్నట్టు చదివాను. మగ్గం ఆగిపోయింది.

"చెప్పలేదా నేను? ఇంక చాలించు దీని చదువు," అంది అవ్వ.

నాయన ఆమె మాట విననట్టే నన్నడిగాడు. "నువ్వు రాసిందాన్ని ఇంకొగడు చదివినాడా?"

"ఔను నాయనా."

"నిన్నడగకుండానే?"

"అడగలేదు. లాక్కున్యారు."

ఆయన మగ్గం మీది చీర అంచును కాసేపు వేలితో నిమిరాడు. "నేను నేసిన చీరను ఇంకొగడు తాను నేసినానని చెప్పుకుంటే నేనుగాని ఊరకుంటానా? పో, బడికి టైమవుతాండాది."

ఆ మాటతో నాకు వెయ్యి ఏనుగుల బలం వచ్చింది. వార్షికోత్సవం రోజున జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చి వేదిక మీద కూర్చున్నాడు. స్వాగతగీతానికి మేము ఆరుగురం వరసగా నిలబడ్డాం. హార్మోనియం మొదలైంది. మేము నోరు విప్పలేదు. హార్మోనియం సారు మళ్ళీ మొదటి నుంచి వాయించాడు. మూతులు బిగించి నిలబడ్డాం. హెడ్మాస్టరు వంగి "ఏమైందమ్మా, పాడరేం?" అని గుసగుసగా అడిగాడు. "మా టీచరు మీద మెమో తీసేస్తే పాడతాం సార్," అన్నాను. ఆయన ఉత్తరీయం మడత మొదటిసారి నలిగింది. మూడోసారి కూడా హార్మోనియం ఒంటరిగానే పాడుకుని ఆగిపోయింది. ఆ అధికారి లేచి, ఇంతవరకు ఏ బడిలోనూ తనకు ఇంత నిశ్శబ్దంగా స్వాగతం చెప్పలేదనీ, ఈ మౌనస్వాగతం కొత్త పద్ధతిలా ఉందనీ, పిల్లల క్రమశిక్షణ అమోఘమనీ మెచ్చుకుని చప్పట్లు కొట్టించాడు. అంతకంటే ఘోరమైన అవమానం నేను ఎరగను!

మెమో తీసేయలేదు. ఎండాకాలం సెలవులు అయిపోయేసరికి కుట్టు టీచరును హిందూపురం బదిలీ చేశారు. మా వల్లే ఆమెను ఊరు దాటించారని నాకు పట్టరాని కోపం వచ్చింది. దాన్ని ఎనిమిదేళ్ళు ఆరనివ్వలేదు. హెడ్మాస్టరు వీధిలో ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయేదాన్ని. ట్రెయినింగు పూర్తయ్యి నాకు టీచరు ఉద్యోగం హిందూపురంలోనే వచ్చింది. చేరిన రోజే స్టాఫు రూములో ఆమె కనిపించింది, జుట్టు కాస్త నెరిసింది, చేతిలో అదే కాజాల పని. చేతులు పట్టుకుని, "నా వల్లనే కదా టీచర్ మీకు బదిలీ అయింది. ఆ హెడ్మాస్టరును నేను ఈనాటికీ క్షమించలేదు," అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "యాల మే అంత కోపం? మా అక్క ఈడనే ఉండాది. హిందూపురానికి వెయ్యండని నాలుగేండ్లు అర్జీలు పెట్టినా ఎవురూ పట్టించుకోలేదు. నీ పుణ్యాన మెమో వచ్చినాక, పాపం ఆ సారే దగ్గరుండి వేయించినాడు."

ఎనిమిదేళ్ళు పోషించిన కోపం ఒక్క నిమిషంలో చేతిలోంచి జారిపోతే మనిషికి ఎంత దిక్కుతోచదో ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నాకు కోపాలు తగ్గాయి. వచ్చినా మధ్యాహ్నం కునుకు తీసేసరికి దేనికి వచ్చిందో మరిచిపోతుంటాను. ఎప్పుడైనా ఆ వేదిక మీద మూతి బిగించి నిలబడ్డ పదిహేనేళ్ళ పిల్ల గుర్తొస్తే నవ్వుకుంటాను. ఎదురుపడితే దాని తల నిమురుతాను గానీ, బదిలీ సంగతి మాత్రం చచ్చినా చెప్పను. అంత నిఖార్సయిన కోపం మనిషికి మళ్ళీ మళ్ళీ దొరకదు. కొన్నాళ్ళు ఉంచుకోనీ.