డ్రాయింగు మూలన నా పేరు

మేడ్చల్‌లోని ఆ షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఇంచుమించు అందరికీ నేను "కంప్యూటర్ అమ్మాయి"నే. నా అపాయింట్‌మెంట్ కాగితంలో డిజైనర్ అని రాసి ఉంది. ఎవరైనా కస్టమర్ వస్తే మా ఓనరు లేత్ మిషన్ చూపించి దాని పేరూ కంపెనీ పేరూ చెప్పేవాడు. డ్రిల్లింగ్ మిషన్‌కూ అంతే. మెట్లెక్కి అద్దాల గదిలోకి వచ్చాక నా వైపు చెయ్యి చూపించి "కంప్యూటర్ అమ్మాయి" అని, వాళ్లను కిందికి తీసుకుపోయేవాడు. ఇది చిన్న విషయమని మా ఇంట్లో అందరూ అన్నారు. నాకు చిన్నదిగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. కానీ నేను చెప్పదలచుకున్నది ఇంతకంటే పెద్దది.

మేము మోటార్ల కింద, పంపుల కింద వేసే ఉక్కు బేస్ ప్లేట్లు చేసేవాళ్లం. ప్లేటు మధ్య గీతకు రెండు వైపులా ఒకే దూరంలో అంచులు, ఒకే దూరంలో బోల్టు రంధ్రాలు ఉంటాయి. సైజులు మాత్రం మోటారును బట్టి మారిపోతాయి. నేను చేరేనాటికి ప్రతి సైజుకూ కొత్తగా బొమ్మ గీసేవారు. నేను అన్నిటికీ కలిపి కంప్యూటర్‌లో ఒకే మోడల్ చేశాను. ప్లేటులో సగం గీసి, అద్దంలో పడ్డట్టు రెండో సగం అదే వచ్చేలా పెట్టాను. కొలతలన్నీ తీసుకెళ్లి ఎక్సెల్ పట్టికకు కట్టాను. పట్టికలో ఒక్కో అడ్డు వరుస ఒక్కో సైజు. గడిలో అంకె మారిస్తే చాలు, ప్లేటు రెండు వైపులా సమానంగా పెరుగుతుంది, రంధ్రాలు కూడా అంచులతోపాటే జరుగుతాయి. అది మొదటిసారి సరిగ్గా కదిలిన రోజు కిందికి పరుగెత్తి ఎవరికైనా చూపించాలనుకున్నాను. అందరూ లోడింగ్‌లో ఉన్నారు.

మొదట నేను పూర్తి వెడల్పునే గడిలో పెట్టి చూశాను. ఒక అంచు కదలకుండా ఉండిపోయి రెండోదే జరిగేది, మధ్య గీత మధ్యలో ఉండేది కాదు. అందుకని మధ్య నుంచి అంచు దాకా ఉండే దూరాన్ని, అంటే వెడల్పులో సగాన్ని ఇవ్వాలని పెట్టుకున్నాను. ఆ నిలువు వరుస పైన "సగం వెడల్పు" అని తెలుగులో, ఎర్ర అక్షరాలతో రాశాను. పొడవుకు ఈ తంటా లేదు, అది పూర్తిగానే ఇవ్వాలి.

ఆర్డర్లు చూసుకునేది ఓనరు బామ్మర్ది. ఒకరోజు నా కుర్చీ వెనక నిలబడి కాసేపు చూసి, "గింతేనా? గడులల్ల అంకెలు కొట్టుడే గదా," అని వెళ్లిపోయాడు. ఆ మాట నేను మరచిపోలేదు. ఆ తర్వాత నాకు జ్వరం వచ్చి పనికి పోలేదు. ఏదో ఆర్డరు తొందరగా పోవాలని అతనే నా కంప్యూటర్ తెరిచి, ఎర్ర అక్షరాల కింద పూర్తి వెడల్పు కొట్టాడు. అద్దంలో రెండో సగం కూడా అంతే వచ్చింది. పొడుగ్గా ఉండాల్సిన ప్లేటు ఇంచుమించు చదరంగా తయారైంది. చదరపు ప్లేట్లు కూడా చేస్తుంటాం కాబట్టి కింద ఎవరికీ అనుమానం రాలేదు. కోశారు, రంధ్రాలు వేశారు, రంగు వేసి పంపారు. షామీర్‌పేట్ వైపు ఆ కస్టమర్ దగ్గర సిమెంటు దిమ్మె మీద పెట్టి చూస్తే ప్లేట్లు రెండు పక్కలా బయటికి వచ్చాయట. రంధ్రంలోంచి చూస్తే కింద నేల కనిపించిందట.

మా డ్రాయింగు కింద కుడి మూలన గీసినవారి పేరు ఉంటుంది. ఎవరు తెరిచినా అక్కడ నా పేరే తనంతట తాను పడేది.

రాష్ట్రం ఇంకా విడిపోని రోజులు. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు పెట్టిన వేసవి. మిషన్లు ఆగిన రోజున అందరూ ఖాళీగా దొరుకుతారని ఓనరు మీటింగులన్నీ ఆనాడే పెట్టేవాడు. ఆ వారం హాలిడే నాడు డ్రాయింగు ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు.

"గీడ పేరెవరిది? కంప్యూటర్ అమ్మాయిది. అవునా కాదా?"

"పేరు నాదే సార్. గని గా దినం నేను రాలే."

"రాకుంటే పేరెట్లొచ్చింది? దయ్యమొచ్చి రాసిందా?"

అందరూ నవ్వారు. గౌడవెల్లి నుంచి బైకు మీద వచ్చే వెల్డరు అందరికంటే ముందు నవ్వాడు. బామ్మర్ది మాత్రం ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు ఓనరు గదిలోకి వెళ్లి ఎట్లా జరిగిందో అంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే అమ్మా. ఆయనే కొట్టిండు. ఇంటి మనిషి, ఏమంటం? ఇడిసెయ్."

"ఎరుకైతే గదే ముచ్చట అందరి ముంగట చెప్పున్రి సార్."

"చెప్త తియ్. మల్లా హాలిడే నాడు అందరుంటరు గదా, గప్పుడు చెప్త. మిషన్లు నడిచేటప్పుడు మీటింగంటే ఎట్ల?"

అప్పటినుంచి ఆ షెడ్డులో కరెంటు పోవాలని కోరుకున్న మనిషిని నేనొక్కదాన్నే. తర్వాతి హాలిడేకి ఓనరు ఎవరిదో పెళ్లికి పోయాడు. ఆ తర్వాతి దానికి బామ్మర్ది రాలేదు. "మనిషి లేంది ఎట్ల చెప్త?" అన్నాడు ఓనరు. ఈలోగా వానలు పడ్డాయి, హాలిడేలు ఎత్తేశారు. వెల్డరు జిలేబీ తెచ్చి అందరికీ పంచాడు. నేను ముట్టుకోలేదు.

మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి షామీర్‌పేట్ దాకా ఒక ఆటో, అక్కడినుంచి మేడ్చల్‌కు ఇంకో ఆటో. దారి పొడవునా ఓనరు ఏమనాలో, దానికి నేనేమనాలో మనసులో అనుకుంటూ పోయేదాన్ని. ఆటో నిండేదాకా కూర్చోలేక దిగి నడిచేదాన్ని. అది వెనక నుంచి వచ్చి నన్ను దాటిపోయేది. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే మా నాయిన, "ఇంక గదే ముచ్చటనా బిడ్డా?" అనేవాడు. గదే ముచ్చట. ఇంకేం ముచ్చట ఉంటుంది?

చేతులు ఊరుకోక మోడల్ మళ్లీ విప్పాను. కొత్తగా "పూర్తి వెడల్పు" అని ఒక నిలువు వరుస పెట్టి, సగం దానంతటదే లెక్క వేసుకునేలా చేసి, సగం వరుసకు తాళం వేశాను. మూలన నా పేరు తీసేసి ఖాళీ పెట్టాను. ఎవరు తెరిస్తే వాళ్ల పేరు కొట్టందే డ్రాయింగు ముందుకు కదలదు. బామ్మర్ది వచ్చి చూశాడు.

"మంచిగున్నది మేడం. ముందుగాల్నే గిట్ల జెయ్యకపోయినవ్?"

ఆ రోజు మధ్యాహ్నం దాకా నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

చివరికి ఒకనాడు పొద్దున ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మిషన్లన్నీ ఆగాయి. లైన్‌మ్యాన్ వచ్చేలోపే నేను మెట్లు దిగి ఓనరు ముందు నిలబడ్డాను.

"సార్, ఇయ్యాల అందరున్నరు."

ఆయన ముఖం చిట్లించుకున్నాడు. అయినా అందరినీ పిలిచాడు. "గా ప్లేట్ల ముచ్చట. అండ్ల ఎవరి తప్పు లేదు. సిస్టం తప్పు. అయిపోయింది."

"సిస్టం జేసింది నేను సార్. అది తప్పు జెయ్యలే. అంకె ఎవరు కొట్టిన్రో చెప్పున్రి."

ఓనరు తన బామ్మర్ది వైపు చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నాడు. చివరికి బామ్మర్దే లేచాడు.

"అరె, నేనే కొట్టిన. ఐతే ఏంది? ఫాసీ ఇస్తవా? సగం వెడల్పంట! దుకాణంల బట్ట కొంటే సగం పన్నా అడుగుతరా ఎవరన్న?"

షెడ్డంతా గొల్లుమంది. ఓనరు కూడా నవ్వేశాడు. "పోన్రి పోన్రి, చాయ్ సల్లారుతాంది," అని లేచాడు.

నేను ఇన్ని నెలలు ఎదురుచూసిన మాట అందరి ముందూ పడింది. దాని వెనకాలే ఈ నవ్వు వచ్చి పడింది. చాయ్ దగ్గర మా ఫోర్‌మన్‌ను పట్టుకున్నాను. పెద్దాయన, అందరూ ఉస్తాద్ అంటారు, నన్నెప్పుడూ కంప్యూటర్ అమ్మాయి అనలేదు.

"ఉస్తాద్, ఆయన ఒప్పుకున్నది విన్నరు గదా?"

"క్యా బేటీ? ఏం ఒప్పుకున్నడు?"

"నేనే కొట్టిన అన్నడు."

"అచ్ఛా, అన్నడా? నేను గా బట్ట ముచ్చటే విన్న. మస్తు నవ్వొచ్చింది."

డ్రిల్లింగ్ మిషన్ దగ్గరి మనిషిని అడిగాను. అతనూ పన్నా మాటే మళ్లీ చెప్పి నవ్వాడు. పెయింటింగ్ వాళ్లు, "ఏందో లొల్లి అయింది గదా మేడం," అన్నారు. అంతలో కరెంటు వచ్చింది. లేత్ తిరగడం మొదలైంది, గ్రైండర్ అరుస్తోంది. నేను వెల్డరు చెవి దగ్గరికి పోయి గట్టిగా అడిగాను.

"నేనే కొట్టిన అన్నడు. నువ్వు విన్నవా లేదా?"

అతను ముఖానికి షీల్డు దించుకుంటూ తల ఊపాడు. ఔనన్నాడో, పక్కకు జరగమన్నాడో తెలియలేదు. నేను జరగలేదు.